ఇంటి గుట్టు వినేటప్పుడు తీర్పు ఆపడం

బాగా వినడం ఎలాగో నేర్పే సలహాలు మనందరికీ కంఠతా వచ్చు. ఎదుటి మనిషి కళ్లలోకి చూడండి, మధ్యలో అడ్డు తగలకండి, తల ఊపండి, వాళ్లు చెప్పింది మీ మాటల్లో మళ్లీ చెప్పండి. ఇవన్నీ వింటున్నట్టు కనిపించడానికి పనికొస్తాయి. అసలు చిక్కు లోపల ఉంటుంది. ఎదుటివాళ్లు నాలుగు మాటలు చెప్పేసరికే తప్పెవరిదో మనం తేల్చేస్తాం. ఆ తర్వాత వాళ్లు చెప్పేదంతా ఆ తీర్పుకు సాక్ష్యంగానే మన చెవిన పడుతుంది, దానికి సరిపోని మాట గాలికి పోతుంది. తల ఊపుతూనే వినడం మానేసి ఉంటాం. ఈ తొందర తగ్గించుకోవడానికి ఒక సాధన ఉంది. పేరున్న ఒక కుటుంబం దాచుకున్న సంగతి చుట్టూ తిరిగే పెద్ద నవల ఒకటి తీసుకుని, దాన్ని ఆడియోలో, మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా దాటేయకుండా వినడం. తీరిక కోసమో, కాలక్షేపం కోసమో ఈ మాట చెప్పడం లేదు. పూర్తిగా విన్నాకే నిర్ణయానికి రావడమనే గుణాన్ని రోజుకింత చొప్పున అలవాటు చేసే పని ఇంత చవకగా, ఇంత అందుబాటులో మరొకటి కనపడదు కాబట్టి చెబుతున్నాను.

దీనికి కావలసిన సమయం చాలామంది దగ్గర ఉంది, గుర్తించడమే తక్కువ. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో సుమారు 40 కిలోమీటర్లు. 1874లో వాడి–సికింద్రాబాద్ లైను పడ్డప్పటి నుంచీ ఈ దారిలో మనుషులు కబుర్లు చెప్పుకుంటూ, కునుకు తీస్తూ, కిటికీలోంచి కంది చేలు చూస్తూ వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు రుక్మాపూర్, ధారూర్ స్టేషన్లు ఎప్పుడు దాటాయో తెలియకుండా సగం బోగీ ఫోన్లలోకి తలవంచి ఉంటుంది. ఆఫీసుకో కాలేజీకో వెళ్లే మనిషికి పోనూ రానూ ఆ గంటా గంటన్నర ఎలాగూ గడవాల్సిందే. అందులోంచి రోజుకు గంట తీసినా 12 గంటల నవల రెండు వారాల్లోపు పూర్తవుతుంది. ఆ గంటలో చిన్న చిన్న వీడియోలు చూస్తే వందల ముఖాలు కళ్ల ముందు కదులుతాయి, ఒక్కదాని గురించీ రెండోసారి ఆలోచించం. నవల వింటే అయిదారుగురు మనుషులు వారాల తరబడి మనతోనే ప్రయాణిస్తారు. వాళ్ల మీద మన అభిప్రాయం కనీసం రెండుసార్లు మారుతుంది. ఆ మార్పు కోసమే ఈ అధ్యాయం రాయాల్సి వచ్చింది.

మరి కుటుంబ రహస్యాల నవలే ఎందుకు, ప్రయాణాల నవలో సైన్సు నవలో ఎందుకు కాకూడదు? తెలుగువాళ్లకు జవాబు చెవిలోనే ఉంది. మనం తరతరాలుగా విన్న అతి పెద్ద కథ ఒక పేరున్న కుటుంబం దాచిన గుట్టు మీదే నిలబడింది. కురుపాండవుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం గుర్తు చేసుకోండి. రంగం నిండా జనం. అర్జునుడికి ఎదురుగా ఒక కొత్త యువకుడు కవచకుండలాలతో వచ్చి నిలబడ్డాడు. కృపాచార్యుడు అతడి కులగోత్రాలు అడుగుతాడు. అతడు తల దించుకుంటాడు. స్త్రీల వైపు కూర్చున్న కుంతి స్పృహ తప్పి పడిపోతుంది. విదురుడు నీళ్లు చల్లించి తేరుకునేలా చేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎండకో, కొడుకు మీద బెంగకో అనుకుని ఉంటారు. ఆ యువకుడు, కర్ణుడు, పెళ్లికి ముందు తనకు పుట్టిన కొడుకు కాబట్టే పడిపోయిందని వినే మనకు తెలుసు. భీముడు సూతపుత్రుడని ఎగతాళి చేస్తుంటే ఆ మాట ఎవరి నోటి నుంచి ఎవరి మీదికి వస్తోందో కూడా తెలుసు. తెలిసీ ఏమీ చేయలేం, వింటూ కూర్చోవాలి. తర్వాత యుద్ధానికి ముందు కృష్ణుడు కర్ణుడికి నిజం చెబుతాడు, తర్వాత కుంతి వచ్చి చెబుతుంది. కర్ణుడేమో ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వవద్దని కృష్ణుణ్ణి కోరతాడు. తెలిస్తే రాజ్యాన్ని తన చేతిలో పెడతాడనీ, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేయాల్సి వస్తుందనీ అతడి భయం. ఒక్క గుట్టును ముగ్గురు మూడు కారణాలతో మోశారు. ఏ కారణమూ కొట్టిపారేయదగ్గది కాదు.

ఇక ఆ గుట్టు బయటపడ్డ తీరు చూడండి. యుద్ధం ముగిసి, చనిపోయినవాళ్లకు తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పింది. ధర్మం గురించి ఎవరికి సందేహం వచ్చినా అడగదగ్గ మనిషిగా పేరున్న ధర్మరాజు ఆ మాట విని ఏం చేశాడు? పెళ్లి కాని పిల్లగా ఆమెకు ఏ దిక్కు తోచిందో, ఇన్నేళ్లు ఆ బరువు ఎలా మోసిందో విచారించే ముందే, ఆడవాళ్ల నోట రహస్యం దాగకుండు గాక అని లోకంలోని స్త్రీలందరినీ శపించాడు. అన్నను చంపుకున్న దుఃఖంలో ఉన్నాడు కాబట్టి క్షమించవచ్చు. అయినా అంతటివాడు కూడా గుట్టు విన్న తక్షణం కారణం వదిలేసి తీర్పు పట్టుకున్నాడు. తన తల్లి చేసిన ఒక పనికి తనకు పరిచయమే లేని కోట్లమందిని దోషుల్ని చేశాడు. మన ఇళ్లలో ఏదైనా పాత సంగతి బయటపడ్డప్పుడు జరిగేదీ ఇదే. ఫలానా అత్తయ్య పెళ్లి ఎందుకు తప్పిపోయిందో, పొలం చిన్నాయన పేరు మీదికి ఎలా పోయిందో తెలిసిన పూటే ఒక మనిషి దుర్మార్గుడైపోతాడు, అతడి వైపువాళ్లంతా అలాంటివాళ్లేనని ముద్ర పడుతుంది. ఇంకో వైపు నుంచి చెప్పగలిగినవాళ్లు అప్పటికే పోయి ఉంటారు, లేదా చెప్పబోతే వినేవాళ్లు ఉండరు.

భారతం దాకా ఎందుకు, వికారాబాద్ అన్న పేరే ఒక పెద్ద కుటుంబపు కథ మోస్తోంది. నిజాం ప్రభువుల తర్వాత అంతటివాళ్లని పేరుపడ్డ పాయెగా వంశంలోని నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద ఏర్పడ్డ ఊరిది. ఆయన తల్లి వైపు నుంచి మూడో నిజాం సికందర్ జాకు మనవడు. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పునాది వేసింది ఆయనే. కొండమీద తనకంటూ కట్టుకున్న అంత మేడ 19వ శతాబ్దం చివరి ఏళ్లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందన్న దగ్గర కథ రెండుగా చీలుతుంది. నిజాం అతిథిగా వచ్చి ముచ్చటపడితే, ప్రభువు మనసుపడ్డది తన దగ్గర ఉంచుకోవడం మర్యాద కాదని నజరానాగా సమర్పించాడంటారు కొందరు. కట్టడానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకుంటే, పరువు పోకుండా బయటపడే దారిగా ఆ సమర్పణ జరిగిందనీ, నిజాం సొమ్ము ముట్టజెప్పాడనీ అంటారు ఇంకొందరు. మొదటి కథ వింటే ఆయన దాత, రెండోది వింటే దుబారా మనిషి. రెండూ నిజమయ్యే అవకాశం ఉందనీ, ఒక మనిషి అప్పుల్లో మునిగి ఉండి కూడా మర్యాద కోసం ఇల్లు వదులుకోగలడనీ ఒప్పుకోవడానికి మనసు మొరాయిస్తుంది. మంచి నవల మొరాయించే ఆ మనసును లొంగదీస్తుంది. చరిత్ర పుస్తకం రెండు కథలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. నవలాకారుడు ఆ మనిషి అద్దం ముందు నిలబడ్డ రాత్రి దాకా మనల్ని తీసుకుపోగలడు.

అచ్చులో చదివినా ఈ మేలు జరుగుతుంది కదా, చెవితోనే ఎందుకు వినాలి? పుస్తకం చేతిలో ఉంటే మనకు ఒక అధికారం వస్తుంది. చివరి పేజీ తిప్పి చూడవచ్చు, వర్ణన వచ్చిన చోట కళ్లు పరిగెత్తించవచ్చు, నచ్చని పాత్ర మాట్లాడే భాగం వదిలేయవచ్చు. రహస్యం ఉన్న నవలలో ఈ ప్రలోభం మరీ ఎక్కువ. ఆడియోలో కూడా ముందుకు జరపవచ్చు కానీ ఎక్కడ ఆగాలో తెలియదు, అందుకే చాలామంది జరపరు. గొంతు నడిచిన వేగంతోనే మనమూ నడవాలి. నచ్చని మనిషికి కూడా తన మాట పూర్తిచేసుకునే సమయం దొరుకుతుంది. నిజ జీవితంలో మనం ఇవ్వనిది అదే. దీనికి తోడు గొంతుకు ఉన్న బలం వేరు. మైకేల్ క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2017లో ప్రచురించిన అయిదు ప్రయోగాల్లో, ఎదుటివారి ముఖం చూస్తూ విన్నవాళ్లకన్నా గొంతు మాత్రమే విన్నవాళ్లు ఆ మనిషి మనసులోని భావాన్ని మరింత సరిగ్గా పట్టుకున్నారు. ముఖం దాచగలిగింది గొంతు దాచలేకపోవడం ఒక కారణం కావచ్చు, వినేవాళ్ల ధ్యాస అంతా ఒకేచోట నిలవడం మరో కారణం కావచ్చు. ఆకాశవాణి విజయవాడ ‘కన్యాశుల్కం’ నాటకం విన్న తరానికి, ఉషశ్రీ గారి భారతం కోసం రేడియో చుట్టూ చేరిన తరానికి ఈ సంగతి ప్రయోగాలు లేకుండానే తెలుసు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ తీసుకోండి. దయానిధి తల్లి గురించి లోకం గుసగుసలాడుతుంది, ఆ గుసగుస కొడుకు జీవితమంతా వెంటాడుతుంది. ఆమె ఏం చేసింది, ఎందుకు చేసింది అన్నది ఎదురుగా నిలబడి చెప్పేవాళ్లు ఉండరు. కళ్లతో చదువుతున్నప్పుడు ఆ ఖాళీ మీదుగా దాటిపోవడం తేలిక. చెవితో వింటే, చెప్పబోయి ఆగిపోయిన మాట దగ్గర చదివేవారి ఊపిరి కూడా ఆగుతుంది, అది మనకు తెలుస్తుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఇంకో రకం. గడీలో ఆడబాపగా బతికే వనజ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనిదేమీ కాదు. అందరికీ తెలిసి ఎవరూ పైకి అననిది కూడా గుట్టే. పెళ్లికూతురి వెంట పుట్టింటివాళ్లు పంపే పనిపిల్లలుగా వచ్చి దొర ఇంట్లో జీవితం వెళ్లబుచ్చిన ఈ ఆడబాపల సంగతి తెలంగాణలో పెద్దవాళ్లున్న చాలా ఊళ్లలో కథగా కన్నా జ్ఞాపకంగా ఉంది. ఉర్దూ కలిసిన ఆ నవల పలుకు అచ్చులో కొత్తవాళ్లకు అడ్డు తగలవచ్చు. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినపడే తాండూరు మనిషికి మాత్రం, యాస తెలిసిన గొంతు చదివితే, అడ్డన్నదే ఉండదు. అందుకని ఆడియో కొనేముందు అయిదు నిమిషాల నమూనా వినండి. అన్ని పాత్రలకూ ఒకే ధోరణిలో చదివే కంప్యూటర్ గొంతు అయితే వదిలేయండి. దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో యాప్‌లలో మనుషులు చదివినవి దొరుకుతాయి. రచయితల హక్కులను పట్టించుకోకుండా ఎవరో చదివి ఎక్కించినవాటి జోలికి వెళ్లవద్దు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. వినడం చదవడంతో సమానమా, ఇది సోమరి చదువు కదా అని. ఫాత్మా డెనిజ్ బృందం 2019లో బర్క్‌లీలో చేసిన అధ్యయనంలో 9 మంది చేత ఒకే కథలను ఒకసారి వినిపించి, ఒకసారి చదివించి మెదడు స్కాన్లు తీశారు. మాటల అర్థానికి స్పందించే భాగాలు రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకేలా పనిచేశాయి. అర్థం విషయంలో చెవి కంటికి తీసిపోదని చెప్పడానికి ఇది చాలు. కానీ ఏకాగ్రత సంగతి వేరు, అక్కడ అభ్యంతరం చెప్పేవాళ్ల పక్షాన బలముంది. 2013లో కెనడా పరిశోధకులు పైకి చదవడం, మౌనంగా చదవడం, వినడం అనే మూడింటినీ పోల్చితే, మనసు అన్నింటికన్నా ఎక్కువగా వినేటప్పుడే పక్కదారి పట్టింది. గుర్తుండటం కూడా అప్పుడే తగ్గింది. కన్ను ఆగితే చదువు ఆగిపోతుంది. మనసు ఎటు పోయినా గొంతు మాత్రం ఆగదు. కుటుంబ రహస్యం ఉన్న నవలకు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే అసలు ఆధారం మూడో అధ్యాయంలో ఎవరో మజ్జిగ తాగుతూ అన్న ఒక ముక్కలో ఉంటుంది. అది జారిపోతే చివర్లో బయటపడే నిజం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది. కాబట్టి చెవిలో పెట్టుకుంటే చాలు, గుణం వచ్చేస్తుందని నేను అనడం లేదు. ఎలా వినాలో చెప్పకపోతే ఈ సాధనకు విలువ లేదు.

మొదట, చేతులకు పనిపెట్టి మాటలకు పనిపెట్టని వేళను ఎంచుకోండి. కందిపప్పు చెరిగి రాళ్లు ఏరడం, బట్టలు మడతపెట్టడం, రైలు కిటికీ పక్కన కూర్చోవడం, అనంతగిరి వైపు తెల్లవారి నడక, ఇవన్నీ బాగుంటాయి. వాట్సాప్ చూస్తూ వినడం అసలు కుదరదు, మాటలు రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బండ కోసే యంత్రం దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. బ్లేడు చప్పుడు మారిందంటే ఏదో తేడా వచ్చిందని ముందు పసిగట్టేది చెవే, పక్క మనిషి కేక వినాల్సిందీ చెవే. పైగా ఆ రొదను మించి వినపడాలని శబ్దం పెంచితే వినికిడి దెబ్బతింటుంది. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు కూడా ఇదే నియమం. రెండో సంగతి వేగం. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు పెంచి వినే అలవాటు వార్తలకు సరిపోతుందేమో. నవలలో మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీ కూడా కథలో భాగమే, దాన్ని కోసేస్తే మిగిలేది సమాచారం. రైల్లో సిగ్నల్ నమ్ముకోకుండా ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఒక చిన్న కాగితం. మొదటి గంటలోనే ఆ కుటుంబపు వంశవృక్షం గీయండి. తాత, ఇద్దరు భార్యలు, కొడుకులు, కోడళ్లు, ఇంట్లో పెరిగిన పిల్ల, ఎవరో తెలియని ఫోటో. ఎవరి దగ్గర ఏ సంగతి దాగి ఉందని మీకు అనుమానమో వాళ్ల పేరు పక్కన ఒక మాట రాయండి. మన దగ్గర ఇది కొత్త పద్ధతేమీ కాదు. రెడ్ల వంశాలు, గోత్రాలు పాడే పిచ్చకుంట్లవాళ్లు, గొల్లకురుమల కథ చెప్పే ఒగ్గువాళ్లు కుటుంబాలకు కుటుంబాలను నోటితో మోశారు. వినేవాళ్లు కూడా ఎవరి కొడుకు ఎవరో మనసులో పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ పట్టు మనకు తగ్గింది, కాగితం సాయం తీసుకుందాం. ప్రతి అధ్యాయం తర్వాత రెండు నిమిషాలు ఆపి, మీకు నచ్చని పాత్ర వైపు నుంచి జరిగినదాన్ని చెప్పుకోండి. మీ పక్షం పాత్ర వైపు నుంచి చెప్పడం ఎవరికైనా వస్తుంది, అందులో సాధన లేదు. ఆ పాత్ర ఒక దొరసాని అనుకుంటే, అలా ఎందుకు చేసిందో ఆమె నోటితో చెప్పబోతే మాట దొరకలేదంటే, ఆ అధ్యాయంలో ఆమె మాట్లాడిన చోట మీ మనసు వేరెక్కడో ఉందన్నమాట. వెనక్కి జరిపి మళ్లీ వినండి. పది నిమిషాలు పోతే పోనీయండి.

ఇంకో అభ్యంతరం నైతికమైనది. పక్కింటి గుట్టు మీద ఆసక్తి నీచం కదా, దాన్నే నవల పేరుతో పోషించడం దేనికి అని. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. పుకారుకూ నవలకూ ముడిసరుకు ఒకటే, నిజమే. నడక వేరు. పుకారు తీర్పుతో మొదలవుతుంది, ఫలానా ఆవిడ ఎలాంటిదో ముందే చెప్పి తర్వాత వివరాలు పేరుస్తుంది. అరుగు మీద అరగంటలో ముగిసిపోతుంది, చెప్పినవాళ్లకూ విన్నవాళ్లకూ తాము మెరుగైనవాళ్లమన్న తృప్తి మిగులుతుంది. మంచి నవల తీర్పును చివరిదాకా వాయిదా వేస్తుంది, ఒక్కోసారి ఇవ్వనే ఇవ్వదు. పైగా అందులోని మనుషులు కల్పితం కాబట్టి మన కుతూహలం వల్ల ఎవరి పరువూ పోదు. అయితే అన్ని ఆడియో కథలూ ఈ మెప్పుకు తగవు. కోటీశ్వరుల ఇల్లు, దాచిన వారసుడు, మారువేషంలో అల్లుడు అంటూ ఎపిసోడ్‌కి ఇన్ని కాయిన్లని అమ్ముతూ వందల భాగాలు నడిచే సీరియళ్లు ఉన్నాయి. వాటిలో గుట్టు ఉండేది మనుషుల్ని అర్థం చేసుకోవడానికి కాదు, తర్వాతి భాగం కొనిపించడానికి. చెడ్డవాడు మొదటి భాగం నుంచీ చెడ్డవాడే, మన తొందరకు అవి రోజూ మేత వేస్తాయి. ముగింపు ఉన్న నవల, ఒక్క రచయిత బాధ్యతతో రాసిన నవల ఎంచుకోండి. విన్న రెండు గంటల్లో ఒక్క పాత్ర మీద కూడా మీ అభిప్రాయం కదలకపోతే దాన్ని ఆపేయడానికి మొహమాటపడవద్దు.

చివరి అభ్యంతరం శాస్త్రం వైపు నుంచి వస్తుంది, నాకు అన్నింటికన్నా గౌరవం దాని మీదే. కథలు చదివితే, వింటే మనిషి మారతాడనడానికి రుజువేది? 2013లో కిడ్, కాస్టానో అనే ఇద్దరు, సాహిత్య విలువ ఉన్న కథలు చదివాక ఎదుటివారి మనసు గ్రహించే శక్తి పెరిగిందని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతా ఆ వార్త మోగింది. తర్వాత ఇతరులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో అలాంటి 14 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు, ప్రభావం ఉంది గానీ చిన్నదని తేల్చారు. ఈ చిన్నదనాన్ని నేను దాచదలచుకోలేదు. ఒక నవల వినగానే ఎవరూ సహృదయులైపోరు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లు చాలావరకు కాసేపు చదివి వెంటనే పరీక్ష రాసినవాళ్లు, నేను చెబుతున్నది వారాల తరబడి పాత్రల పక్షాలు మార్చుకుంటూ వినే అభ్యాసం. అది మరింత పనిచేస్తుందని ప్రయోగం చూపించాలి. నా వాదన అంత దూరం పోదు. తీర్పు ఆపుకోవడం ఒక పని, చేస్తేనే వచ్చే పని. దాన్ని ఎవరికీ నష్టం లేకుండా రోజూ చేసే చోటు కావాలి, నవల ఆ చోటు ఇస్తుంది. అక్కడ నేర్చుకున్నది ఇంటిదాకా తెచ్చుకోవడం మన వంతు.

తెచ్చుకోవడమంటే ఏమిటో వివరంగా చెప్పాలి. ఇంట్లో పెద్దావిడ ఎప్పుడో సంక్రాంతి నాడు, పాత ట్రంకు పెట్టె సర్దుతూ, ఎన్నడూ ఎత్తని ఒక పేరు ఎత్తుతుంది. అప్పుడు మన నోటికి వచ్చే మొదటి ప్రశ్న సాధారణంగా ‘అయితే తప్పెవరిది?’ అన్నదే. ఆ ప్రశ్న అడిగామా, ఆవిడ జాగ్రత్తపడిపోతుంది, ఎవరో ఒకరి పక్షం చేరి మాట్లాడుతుంది, లేదా పెట్టె మూసేస్తుంది. ‘అప్పుడు నీకెన్నేళ్లు?’, ‘ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు?’, ‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడిగితే కథ నడుస్తుంది. విన్నది ఎక్కడిదాకా మన దగ్గర ఉండాలో ఆవిడనే అడగాలి. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. నవలలోని రహస్యం మీద నలుగురిలో మాట్లాడవచ్చు, అమ్మమ్మ చెప్పినది ఆవిడ అనుమతి లేకుండా అన్నకు కూడా చేర్చకూడదు. అందులో ఎవరికైనా ఇప్పటికీ హాని జరుగుతోందని, ముఖ్యంగా పిల్లలకు, తెలిస్తే మాత్రం ఈ నియమం వర్తించదు. అక్కడ మౌనం పాటించడం నేరంలో భాగం పంచుకోవడమే, సాయం చేయగలిగినవాళ్లకు చెప్పి తీరాలి. తీర్పు ఆపమంటే చర్య ఆపమని కాదు. ఒక మనిషి ఎలాంటివాడో తేల్చడానికి సమయం తీసుకోవచ్చు, జరుగుతున్న హానిని ఆపడానికి సమయం తీసుకోకూడదు.

ఈ సాధనను ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంకా మంచిది. చూపు మందగించి పుస్తకం పక్కన పెట్టేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇయర్‌ఫోన్లు తీసేసి, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ స్పీకర్లో అరగంట పెట్టండి. 1930ల్లో అమెరికాలో, బ్రిటన్‌లో మాట్లాడే పుస్తకాలు గ్రామఫోను రికార్డుల మీద తయారైంది చూపు లేనివాళ్ల కోసమే. ఒకే నవలలో అత్తగారు ఒక పాత్రను సమర్థిస్తారు, కోడలు ఇంకొకరిని. ఎదురెదురుగా అనుకోలేని మాటలు ఆ పాత్రల మీద పెట్టి అనుకోగలుగుతారు, అది చిన్న మేలు కాదు. అప్పుడప్పుడూ ఆపి, దాగి ఉన్నది ఏమై ఉంటుందో తలా ఒక మాట కాగితం మీద రాసి పెట్టండి. నవల అయిపోయాక వెంటనే ఇంకొకటి మొదలుపెట్టకుండా, మొదటి రెండు అధ్యాయాలు మళ్లీ వినండి. ఎవరు ఏ మాట దగ్గర తొందరపడ్డారో, ఎవరి గురించి రాసింది తప్పయిందో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. తర్వాతి నవలకు ఆ పాత్ర లాంటి మనిషి ఉన్నదాన్నే వెతికి తీసుకోండి.